జేబు కెమెరాతో గుట్టల మీద ల్యాండ్‌స్కేప్ ఫోటోలు తీయడం ఎలా

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలెక్కి ఫోటోలు తీసేవాళ్ళకు తరచూ ఎదురయ్యే నిరాశ ఒకటుంది. పైకెక్కి చూస్తే కళ్ళు చెదిరిపోయేలా కనిపించిన దృశ్యం ఇంటికొచ్చాక స్క్రీన్ మీద చప్పగా ఉంటుంది. సగం తెల్లబోయిన ఆకాశం, సగం మసక మైదానం, మధ్యలో సన్నటి గీతలా ఏవో గుట్టలు. చాలామంది అప్పుడు కెమెరా చిన్నదనీ, పెద్దది కొనాలనీ అనుకుంటారు. అసలు కారణం వేరు. విశాలమైన దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్స్ దూరంగా ఉన్న ప్రతిదాన్నీ ఇంకా చిన్నది చేస్తుంది. మన దగ్గర దూరాన కనిపించే గుట్టలు అసలే తక్కువ ఎత్తు. రెండూ కలిస్తే ఫోటోలో చూడ్డానికి ఏమీ మిగలదు.

ఇక్కడి అందమంతా కాళ్ళ దగ్గరే ఉంది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ ఇది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ గుండ్లు, పొరలు పొరలుగా ఊడిన బండలు, వాన నీళ్ళు నిలిచే గుంటలు, బండ సందుల్లోంచి మొలిచిన సీతాఫలం చెట్లు. వీటిని దగ్గరగా ముందు పెట్టుకుని, దూరాన్ని వెనకాల ఉంచుకుని తీయాలి. అరచేతిలో ఇమిడే కెమెరాకు ఈ పని పెద్ద కెమెరా కంటే తేలిగ్గా వస్తుంది. ఎందుకో ఫోకస్ దగ్గరికి వచ్చినప్పుడు లెక్కతో సహా చెబుతాం.

కెమెరా ఏది

ప్యాంటు జేబులోనో, నడుముకు కట్టుకునే చిన్న పౌచ్‌లోనో పట్టే మంచి కెమెరాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఒక అంగుళం సెన్సర్ (వెలుగును ఫోటోగా మార్చే చిప్పు), జూమ్ లెన్స్ ఉన్నవి: సోనీ ఆర్‌ఎక్స్100 వరస, కెనాన్ జీ7ఎక్స్ వరస. అంగుళం అన్నది పేరుకే, వీటి సెన్సర్ నిజానికి 13.2 × 8.8 మి.మీ. ఉంటుంది. రెండోది రికో జీఆర్ 3. ఇందులో అంతకంటే పెద్దదైన ఏపీఎస్-సి సెన్సర్, 28 మి.మీ.కు సమానమైన ఒకే లెన్స్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఫ్రేములోకి ఎక్కువ దృశ్యం వస్తుంది, పెరిగేకొద్దీ దూరం దగ్గరవుతుంది), జూమ్ లేదు. బ్యాటరీ, కార్డు కలిపి 257 గ్రాములు. దీనికే 40 మి.మీ. లెన్స్‌తో వచ్చింది జీఆర్ 3ఎక్స్.

ఖాజాగూడ, భువనగిరి లాంటి రాతి గుట్టలకే ఎక్కువగా వెళ్ళేవాళ్ళకు జీఆర్ 3 చాలు. బండల మీది గరుకుదనాన్ని అది చాలా బాగా చూపిస్తుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవిలో, పొగమంచులో వరసలు తీరిన కొండల కోసం వెళ్ళేవాళ్ళకు జూమ్ కావాలి. ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్ 24 నుంచి 200 మి.మీ. దాకా వెళ్తుంది. మూడో, నాలుగో, ఐదో మోడళ్ళు 70 మి.మీ. దగ్గరే ఆగిపోతాయి కానీ వాటి లెన్స్ ఎక్కువ వెలుగు తీసుకుంటుంది, లోపలే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఉంటుంది. ఏడో మోడల్‌లో ఆ ఫిల్టర్ లేదు.

కోఠిలోనో ఆన్‌లైన్‌లోనో సెకండ్ హ్యాండ్‌గా కొంటుంటే లెన్స్ బయటికొచ్చి లోపలికెళ్ళే శబ్దం వినండి. గరగరలాడితే వదిలేయండి, లోపల ఇసుక పడిందన్నమాట. లెన్స్ మూత రెక్కలు పూర్తిగా తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూడండి.

ఫోన్ చాలదా అంటే, పగటి వెలుగులో చూసి మర్చిపోయే ఫోటోలకు చాలు. తేడా తెలిసేది రా ఫైల్‌లో (కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచే ఫైలు) నీడలను పైకి లాగినప్పుడు, పెద్ద ప్రింటు వేసినప్పుడు, చెమట పట్టిన వేళ్ళతో ఎండలో బటన్లు నొక్కాల్సి వచ్చినప్పుడు.

ఇంట్లోనే సెట్ చేసుకోవలసినవి

గుట్ట మీద నిలబడి మెనూలు వెతుక్కుంటే వెలుగు కాస్తా పోతుంది. ముందు రోజు రాత్రే ఇవన్నీ పెట్టేసి, కెమెరాలో ఉండే సొంత సెట్టింగుల మోడ్‌లో సేవ్ చేసుకోండి. రికోలో అది యూ1, సోనీలో ఎంఆర్, కెనాన్‌లో సి.

అపెర్చర్ ప్రయారిటీ మోడ్: లెన్స్ రంధ్రం (అపెర్చర్) ఎంత తెరవాలో మీరు పెడతారు, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. అంగుళం సెన్సర్‌కు ఎఫ్4, జీఆర్‌కు ఎఫ్5.6. ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) ఆటో, పై హద్దు 1600. కనీస షట్టర్ స్పీడ్ 1/60. రా, జేపెగ్ రెండూ సేవ్ అవ్వాలి. వైట్ బ్యాలెన్స్ ఎండ గుర్తు మీద స్థిరంగా పెట్టండి. ఆటోలో వదిలేస్తే పొద్దుటి నారింజ వెలుగును కెమెరా 'సరిచేసి' తెల్లగా చేసేస్తుంది. స్క్రీన్ మీద గ్రిడ్, లెవెల్, హిస్టోగ్రామ్ (ఎడమ చివర చీకటి నుంచి కుడి చివర వెలుగు దాకా చూపే గ్రాఫ్) మూడూ కనిపించేలా ఉంచండి. లెవెల్‌ను తక్కువ అంచనా వేయకండి. ఏటవాలు బండ మీద నిలబడితే ఏది సమతలమో మన కంటికి అందదు, గండిపేట నీళ్ళు ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు ఫోటో వస్తుంది.

బ్యాటరీలు ఈ కెమెరాల బలహీనత. జీఆర్ 3 ఒక చార్జింగ్‌కు 200 ఫోటోల దగ్గర ఆగిపోతుంది. ఒక పొద్దుటి నడకకు అదనంగా రెండు బ్యాటరీలు పెట్టుకోండి. యూఎస్‌బీతో చార్జ్ అయ్యే మోడల్ అయితే ఒక బ్యాటరీ, ఒక చిన్న పవర్‌బ్యాంక్ సరిపోతాయి. స్క్రీన్ రెండు నిమిషాలకు కాకుండా ముప్పై సెకన్లకే ఆరిపోయేలా పెట్టుకోండి.

మోసుకెళ్ళేది, మోసుకెళ్ళకూడనిది

కెమెరాను ఒట్టిగా జేబులో వేయకండి. జేబు అడుగున ఉండే దారప్పోగులు, దుమ్ము లెన్స్ ముడుచుకున్న ప్రతిసారీ లోపలికి పోతాయి. ఈ కెమెరాల లెన్స్ ఊడదు కాబట్టి ఆ దుమ్మును మనం తుడవలేం. మెత్తటి లోపలి గుడ్డ ఉన్న చిన్న పౌచ్ ఒకటి బెల్టుకు తగిలించుకోండి, లేదా బ్యాగు ముందు పట్టీకి ఛాతీ దగ్గర పెట్టుకోండి. తాళాలు, చిల్లర అందులోకి రాకూడదు. మణికట్టు పట్టీ తప్పనిసరి. మెడ పట్టీ వద్దు, వంగినప్పుడల్లా కెమెరా ఊగి బండకు కొట్టుకుంటుంది.

లెన్స్ తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ చొక్కా జేబులో ఉండాలి, బ్యాగు అడుగున కాదు. సూర్యుడికి ఎదురుగా తీసిన ఫోటోలు పాలు కలిపినట్టు వెలిసిపోవడానికి మొదటి కారణం లెన్స్ మీది వేలిముద్ర. వేలు ఎప్పుడు తగిలిందో కూడా మనకు తెలియదు.

ట్రైపాడ్ బదులు గుడ్డ సంచి సరిపోతుంది. అరచేతి వెడల్పున ఒక చిన్న సంచి కుట్టించి, పావుకిలో బియ్యం పోసి మూతి కుట్టేయండి. బండ మీద దాన్ని పెట్టి, కెమెరాను దాంట్లోకి నొక్కితే కావలసిన కోణంలో కూర్చుంటుంది. గ్రానైట్ మీద చిన్న ట్రైపాడ్ కాళ్ళు జారతాయి, ఈ సంచి జారదు. ఒక ఉపయోగం ఇంకా ఉంది: గోల్కొండ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. భువనగిరి కోటకు వెళ్తుంటే గేటు తెరిచే వేళ, కెమెరా టికెట్ సంగతి ముందే కనుక్కోండి. సూర్యోదయం అక్కడ పైనుంచి తీద్దామనుకుని వెళ్ళి కింద గేటు దగ్గర ఎదురుచూడడం వృథా.

ఏ వేళ, ఏ కాలం

మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి సూర్యుడు నిటారుగా పైకెక్కేస్తాడు. బంగారు రంగు వెలుగు 25, 30 నిమిషాలకు మించదు. యూరప్ వాళ్ళు రాసిన పాఠాల్లోలాగా గంటల కొద్దీ ఉంటుందని లెక్కేసుకుంటే మోసపోతారు. హైదరాబాద్‌లో సూర్యోదయం జూన్ మొదట్లో 5:45 లోపే, జనవరిలో 6:45 దాటాక. దానికి 30 నిమిషాల ముందే మీరు అనుకున్న బండ దగ్గర ఉండాలి. ఎక్కడానికి పట్టే సమయం దీనికి అదనం.

సూర్యుడు ఉదయించే చోటు కూడా కాలాన్ని బట్టి జరుగుతుంది. డిసెంబరులో సరిగ్గా తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి, జూన్‌లో అంతే ఉత్తరానికి. ఒకే గుండు మీద డిసెంబరులో పక్కవాటుగా వెలుగు పడి ప్రతి గరుకూ లేచి కనిపిస్తుంది, జూన్‌లో ఎదురుగా పడి చదునుగా ఉండిపోతుంది. ఫోటోపిల్స్ లాంటి యాప్‌లో ఆ చోటు, ఆ తేదీ పెట్టి చూసుకుంటే వెళ్ళాలో ఇంకో నెల ఆగాలో తెలిసిపోతుంది.

కాలాల్లో మా ఓటు వానాకాలానికే. జులై నుంచి సెప్టెంబరు దాకా మబ్బులకు ఆకారం ఉంటుంది. గట్టి వాన కురిసి వెలిసిన మర్నాడు గాలిలో దుమ్ము ఉండదు, ఊరి అవతలి గుట్టలు కూడా తేటగా కనిపిస్తాయి. బతుకమ్మ రోజులకు తంగేడు పూసి ఉంటుంది. పచ్చటి పసుపు ముందువైపు పెట్టుకోవడానికి అంతకంటే మంచి పువ్వు లేదు. నవంబరు నుంచి జనవరి వరకు అనంతగిరి లోయల్లో పొగమంచు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలిన అడవిలో మోదుగ పూలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 8 దాటితే ఇక కెమెరా లోపల పెట్టేయండి. 40 డిగ్రీల ఎండలో పార్క్ చేసిన కారులో కెమెరా, బ్యాటరీలు వదిలి వెళ్ళకండి.

బండను ముందు పెట్టుకోవడం

పైకి చేరగానే నిలువెత్తున నిలబడి తీసే ఫోటోలు ముందు తీసేసుకోండి, కోరిక తీరిపోతుంది. తర్వాత అసలు పని మొదలు.

కింద చూస్తూ నడవండి. వెతకవలసింది ఒక గీత, ఒక అంచు, లేదా ఒక గుంట. బండ పొర ఊడిన చోట అంచు ఒక వంపులా తిరిగి దూరానికి వెళ్తుంటుంది. రాళ్ళు కొట్టేవాళ్ళు ఉలితో వరసగా వేసిన చీలిక గుంతలు చాలా గుట్టల మీద అలాగే మిగిలిపోయాయి, అవి చుక్కల గీతలా చూపును లోపలికి తీసుకెళ్తాయి. తెల్లటి క్వార్ట్జ్ చార ఒకటి బూడిద రంగు బండను అడ్డంగా కోసుకుంటూ పోతుంటుంది. ఇలాంటిదేదైనా దొరికాక దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చోండి. కెమెరా నేలకు రెండు అడుగుల ఎత్తులో, గీత మొదలు ఫ్రేము కింది మూలలో పడేలా. ఇప్పుడు మెల్లగా ముందుకూ వెనక్కూ జరగండి. వైడ్ లెన్స్‌తో ఒక అడుగు దగ్గరికి జరిగితే ముందున్న రాయి ఒక్కసారిగా పెద్దదైపోతుంది, వెనకాల గుట్ట మాత్రం అంతే ఉంటుంది. ఈ నిష్పత్తిని జూమ్ మార్చలేదు, మీ మోకాళ్ళే మార్చాలి.

ఎత్తు కూడా అంతే ముఖ్యం. ముందున్న గుండు తల వెనకున్న దిగంత రేఖను తాకుతుంటే రెండూ అతుక్కుపోయి లోతు పోతుంది. కెమెరాను జానెడు పైకెత్తండి, లేదా జానెడు దించండి. మధ్యలో సన్నటి సందు కనిపించగానే ఆపండి.

ఖాజాగూడ గుట్టల మీద వెనకాల గచ్చిబౌలి టవర్లు రాకుండా తీయాలని చాలామంది తంటాలు పడతారు. రానివ్వండి. వాటి ముందు ఈ గుండ్లు నిలబడి ఉండడమే ఆ చోటు కథ. 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఈ రాళ్ళను కాపాడాలని అడుగుతున్నది కూడా ఇందుకే. అయితే కెమెరాను పైకి వంచితే టవర్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. కెమెరాను నిటారుగానే ఉంచి, కింద ఎక్కువ వచ్చిన బండను తర్వాత కత్తిరించుకోండి.

మనిషి ఉంటే కొలత తెలుస్తుంది. మీతో వచ్చినవాళ్ళను 20, 30 మీటర్ల దూరంలో గుండు పక్కన నిలబెట్టండి. అంతకంటే దగ్గరైతే అది వాళ్ళ ఫోటో అయిపోతుంది.

ఫోకస్ లెక్క

చిన్న సెన్సర్ గొప్పతనం ఇక్కడే. ఆర్‌ఎక్స్100 మూడో మోడల్‌లో 24 మి.మీ. దగ్గర లెన్స్ అసలు పొడవు 8.8 మి.మీ. ఎఫ్4 పెట్టి దాదాపు 1.8 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, 0.9 మీటరు నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఇదే లోతు రావాలంటే ఎఫ్11 పెట్టాలి. తెల్లవారుజామున ఎఫ్11 అంటే ట్రైపాడ్ తప్పదు. మీరు మాత్రం చేతితోనే తీసేస్తారు.

లెక్కలో వచ్చిన దూరానికి కాస్త అవతల ఫోకస్ చేయడం మంచిది, దూరపు గుట్టలు ఇంకొంచెం గట్టిగా వస్తాయి. కాబట్టి పద్ధతి ఇలా:

1. మీకు 2.5 మీటర్ల దూరంలో, అంటే దాదాపు మూడు పెద్ద అంగల దూరంలో ఉన్న రాయిని ఎంచుకోండి.
2. ఫోకస్ పాయింట్‌ను ఒకే చిన్న గడికి మార్చి, దాని మీద పెట్టి షట్టర్ సగం నొక్కండి. ఆ రాయికి అంచు, మచ్చ ఏదైనా ఉండాలి. నున్నటి బండ మీద ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంది.
3. సగం నొక్కి ఉంచే ఫ్రేము సరిచేసుకుని పూర్తిగా నొక్కండి. లేదా మాన్యువల్ ఫోకస్‌కు మార్చి అక్కడే బిగించేయండి, తర్వాత పది ఫోటోలకూ అదే పనికొస్తుంది.
4. స్క్రీన్ మీద పెద్దది చేసి రెండు చోట్ల చూడండి: అన్నిటికంటే దగ్గరి రాయి, అన్నిటికంటే దూరపు చెట్టు.

జీఆర్ 3లో, ముందే పెట్టిన దూరానికి నేరుగా ఫోకస్ చేసే స్నాప్ ఫోకస్ ఉంది కాబట్టి ఇంత పని కూడా లేదు. స్నాప్ దూరం 2.5 మీటర్లు, అపెర్చర్ ఎఫ్8 పెడితే సుమారు 1.15 మీటర్ల నుంచి అనంతం దాకా వస్తుంది. ఎఫ్5.6 అయితే స్నాప్ దూరం 3.5 మీటర్లు, దగ్గరి హద్దు 1.6 మీటర్లు.

ఇంకా లోతు కావాలని అపెర్చర్‌ను మరీ మూసేయకండి. అంగుళం సెన్సర్‌లో ఎఫ్5.6 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం) వల్ల ఫోటో మొత్తం మెత్తబడుతుంది, ఎఫ్11లో అది కంటికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. జీఆర్‌కు ఎఫ్8 హద్దు అనుకోండి. ముందున్న పువ్వు అరమీటరు లోపే ఉంటే రెండు ఫోటోలు తీయండి, ఒకటి పువ్వు మీద ఫోకస్‌తో, ఒకటి దూరం మీద. కెమెరా బియ్యం సంచి మీద కదలకుండా ఉంటే రెంటినీ తర్వాత కలుపుకోవచ్చు.

వాన నీటి గుంటలో ఆకాశం

పెద్ద కెమెరాకు చేతకాని ఫోటో ఇది. వాన వెలిశాక బండల మీద చాటంత గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. నిలబడి చూస్తే అందులో ఏమీ ఉండదు, అడుగున బురద కనిపిస్తుంది. చూపు నీటికి ఎంత ఏటవాలుగా ఉంటే ప్రతిబింబం అంత గట్టిపడుతుంది. అందుకని లెన్స్‌ను నీటికి రెండు, మూడు సెంటీమీటర్ల ఎత్తుకు తీసుకురావాలి.

కెమెరాను తలకిందులుగా పట్టుకోండి. లెన్స్ సాధారణంగా కెమెరా అడుగు అంచుకు కొంత పైన ఉంటుంది, తిప్పితే నీటికి ఇంకా దగ్గరగా రావచ్చు. మీ మోడల్‌లో ఏ వైపు దగ్గరో ముందే చూసుకోండి. మణికట్టు పట్టీ బిగించుకుని, మోచేతులు రెండూ బండకు ఆనించండి. మడత స్క్రీన్ ఉంటే పైనుంచి చూడొచ్చు. జీఆర్‌లో అది లేదు కాబట్టి బండ మీద చెంప ఆనించాల్సిందే. ఫోకస్ నీటి అంచు మీద కాదు, అవతలి గుండు మీద చేయండి. ప్రతిబింబం కూడా ఆ గుండంత దూరంలోనే ఫోకస్ అవుతుంది. గాలి ఆగేదాకా ఆగి, వరసగా ఐదారు తీయండి. ఒక్క చిన్న అల చాలు, గుండు ముక్కలైపోతుంది. అడుగున బురద లేచేలా గుంటలో కాలు పెట్టకండి, తేటపడడానికి చాలాసేపు పడుతుంది.

ఎక్స్‌పోజర్: ఆకాశాన్ని కాపాడండి

చిన్న సెన్సర్ వెలుగు ఎక్కువైతే తట్టుకోలేదు. ఒకసారి తెల్లబోయిన ఆకాశంలో మళ్ళీ రంగు రాదు. నీడల్లో మాత్రం రా ఫైల్ చాలానే దాచుకుంటుంది. కాబట్టి ఎప్పుడూ ఆకాశాన్ని బట్టే కొలవండి. ఎక్స్‌పోజర్ డయల్‌ను మైనస్ 0.7 దగ్గర పెట్టి ఒకటి తీసి, హిస్టోగ్రామ్ కుడి చివర గోడకు కొట్టుకుంటుందేమో చూడండి. కొట్టుకుంటే మైనస్ 1.3. కుడివైపు కొంచెం ఖాళీ ఉంటే సరి. సోనీలో తెల్లబోయే చోట్లను చూపే జీబ్రా గీతలు ఆన్ చేసుకుంటే తీయకముందే తెలుస్తుంది. జీఆర్ 3లో వెలుగైన చోట్లను బట్టి కొలిచే హైలైట్ మీటరింగ్ ఉంది, సూర్యోదయాలకు అదే పెట్టుకోండి.

సూర్యుడు ఫ్రేములోనే ఉంటే ఒక ఫోటో చాలదు. బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో వరసగా తీసే సెట్టింగ్) పెట్టి మైనస్ 2, సున్నా, ప్లస్ 2 మూడూ తీసి, తర్వాత కలుపుకోండి. చెట్ల కొమ్మలు గాలికి ఊగుతుంటే మూడింటినీ కలిపినప్పుడు ఆకులకు దయ్యాల నీడలు వస్తాయి. అలాంటప్పుడు ఒకే రా ఫైల్‌తో పని కానిచ్చుకోవడమే మేలు. సూర్యుణ్ణి గుండు అంచుకు సగం దాచితే వెలుగు తగ్గుతుంది, ఎఫ్11లో నక్షత్రంలా కిరణాలూ వస్తాయి. డిఫ్రాక్షన్ సంగతి తెలిసే ఇక్కడ మినహాయింపు. సూర్యుడు ఫ్రేము బయట ఉండి లెన్స్ మీద పడుతుంటే ఎడమ అరచేతిని పైన గొడుగులా పట్టండి. వేళ్ళు ఫోటోలో పడ్డాయేమో మూలలు చూసుకోండి.

ఎక్కిన వెంటనే తీసిన ఫోటోలు కదిలిపోతాయి. గుండె కొట్టుకోవడం చేతుల దాకా తెలుస్తుంటుంది. రెండు నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి వదిలాక నొక్కండి. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ ఉన్న కెమెరాతో వైడ్‌లో 1/15 దాకా చేతితో లాగొచ్చు, కానీ అది కదలని రాళ్ళకే. ముందు గడ్డి ఊగుతుంటే 1/125 కావాలి, ఐఎస్ఓ పెరిగినా ఫరవాలేదు.

వాగులు, జలపాతాల నీళ్ళను పాయలుగా చూపించాలంటే షట్టర్ 1/4 సెకను దగ్గర ఉండాలి. కుంటాల, బొగత లాంటి చోట్లకు వెళ్తే మబ్బు పట్టిన రోజు చూసుకోండి. లోపలి ఎన్‌డీ ఫిల్టర్ ఆన్ చేసి, ఐఎస్ఓ 100 లేదా 125, ఎఫ్8, బియ్యం సంచి మీద, రెండు సెకన్ల టైమర్‌తో. ఆర్‌ఎక్స్100 మూడు, నాలుగు, ఐదు మోడళ్ళలో, జీ7ఎక్స్ మార్క్ 2లో ఈ ఫిల్టర్ మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), జీఆర్ 3లో రెండు. ఎండ పడుతుంటే ఇవి చాలవు.

అనంతగిరి వరసలు, పనోరమాలు

వికారాబాద్ దగ్గరి అనంతగిరిలో, మూసీ పుట్టే ఆ కొండల్లో, పద్ధతి మారుతుంది. పొగమంచు ఉన్న పొద్దున వైడ్ లెన్స్‌తో తీస్తే అంతా తెల్లటి ముద్ద. జూమ్‌ను 100 నుంచి 200 మి.మీ. మధ్యకు తీసుకెళ్ళి, ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోయే కొండల వరసల్ని మాత్రమే ఫ్రేములోకి తీసుకోండి. సూర్యుడి వైపుకే తిరిగి తీయాలి, అటువైపే వరసలు విడివిడిగా కనిపిస్తాయి. మంచును కెమెరా బూడిద రంగు చేసేస్తుంది, కాబట్టి ఇక్కడ ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7. పైన చెప్పినదానికి ఇది తలకిందులు, కానీ సూర్యుడు ఇంకా పైకి రాకముందు మంచులో తెల్లబోయేంత వెలుగు ఉండదు.

విశాలంగా కావాలంటే కెమెరాలోని పనోరమా మోడ్ వద్దు, అది జేపెగ్ మాత్రమే ఇస్తుంది. మాన్యువల్ ఎక్స్‌పోజర్, మాన్యువల్ ఫోకస్ బిగించి, కెమెరాను నిలువుగా పట్టుకుని, 50 మి.మీ. దగ్గర ఎడమ నుంచి కుడికి ఆరు ఫోటోలు తీయండి. ప్రతిదీ ముందుదానితో మూడో వంతు కలవాలి. దాదాపు 115 డిగ్రీల వెడల్పు వస్తుంది. మీరు తిరుగుతూ కెమెరాను చాచి తిప్పకండి. కెమెరా ఉన్నచోటే ఉండాలి, మీరు దాని చుట్టూ తిరగాలి. లేకపోతే దగ్గరి రాళ్ళు అతుకుల దగ్గర విరిగిపోతాయి. కలపడానికి హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

జాగ్రత్తలు

స్క్రీన్ చూస్తూ వెనక్కి అడుగు వేయకండి. గుట్టల మీద ఇదొక్కటే నిజంగా ప్రాణం తీసే తప్పు. ఫ్రేము సరిపోకపోతే కెమెరా దించి, వెనక్కి తిరిగి చూసి, నడిచి, మళ్ళీ ఎత్తండి. వానాకాలంలో బండల మీద నల్లగా కనిపించే మరకలు నాచు, దాని మీద ఏ బూటూ ఆగదు. భువనగిరి లాంటి ఒకే బండ కొండ మీద ఇనుప కడ్డీలు పట్టుకునేచోట కెమెరా పౌచ్‌లో ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. పెద్ద తేనెపట్టులు వేలాడే రాళ్ళ కింద గోల చేయకండి, ఫ్లాష్ వేయకండి.

ఏసీ కారులోంచి వానాకాలపు గాలిలోకి కెమెరాను ఒక్కసారిగా తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. దిగడానికి 15, 20 నిమిషాల ముందే ఏసీ ఆపేయండి, లేదా కెమెరాను జిప్ కవర్‌లో ఉంచే బయటికి తెచ్చి, అది వేడెక్కాక తెరవండి. ఆవిరి పట్టిన లెన్స్‌ను తుడుస్తూ పోతే మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక బ్లోయర్‌తో లెన్స్ చుట్టూ ఉన్న సందుల్లో గాలి కొట్టండి, అప్పుడే లెన్స్‌ను లోపలికి పోనివ్వండి. తడి తగిలిన రోజు సిలికా జెల్ పొట్లాలతో పాటు గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచండి. నెలకోసారి దుమ్ము పరీక్ష చేయండి: తెల్లగోడ వైపు తిప్పి, ఫోకస్ అనంతానికి పెట్టి, కెమెరా ఇచ్చే అతి చిన్న అపెర్చర్‌తో ఒక ఫోటో. రికోలో అది ఎఫ్16, సోనీలో ఎఫ్11. కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ బాగా పెంచి చూస్తే సెన్సర్ మీది దుమ్ము గుండ్రటి బూడిద మచ్చలుగా కనిపిస్తుంది. ఒకటి, రెండు ఉంటే ఎడిటింగ్‌లో చెరిపేయొచ్చు. ఆకాశం నిండా ఉంటే సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. వాక్యూమ్ క్లీనర్ పైపు పెట్టి లాగేయమని చెప్పే వీడియోలు నమ్మకండి, లెన్స్ లోపలి అమరిక చెదిరితే ఒక పక్క ఎప్పటికీ మసగ్గానే వస్తుంది.